పక్షవాతానంతర పునరావాసంలో వ్యాయామసాధన: గుంటూరు, ప్రకాశం మెట్టపల్లెల పలుకుబడి ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం:

పక్షవాతం వచ్చినవారు తిరిగి కదలికను, స్వావలంబనను పొందడానికి వ్యాయామసాధన ఏ విధంగా తోడ్పడుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెల్లో ఈ వ్యాధిని గురించి వాడే మాటలు చికిత్సను ఏ దిక్కుకు నడిపిస్తున్నాయో, అక్కడి నిత్యకృత్యాల నుంచే సాధనను ఎలా రూపొందించుకోవచ్చో ఇందులో చర్చించడం జరిగింది. కుటుంబసభ్యులతో చేయించే పునరావాసంపై మన దేశంలో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాన్ని కూడా పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: పక్షవాతం, పునరావాసం, ఫిజియోథెరపీ, సాధన, స్వావలంబన, గుంటూరు, ప్రకాశం, పలుకుబడి.

1. ఉపోద్ఘాతం:

గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టపల్లెల్లో ఎవరికైనా పక్షవాతం వస్తే ఆ వార్త ఒకే క్రియతో ఊరంతా తిరుగుతుంది. "ఆయనకు కాలూ చెయ్యీ పడిపోయినయ్యంట" అంటారు. మాట రాకపోతే "నోరు పడిపోయింది" అంటారు. నెలలు గడిచినా మనిషి లేవకపోతే "మంచాన పడ్డాడు" అంటారు. మూడు సందర్భాల్లోనూ క్రియ 'పడు' ధాతువే. కోలుకున్నవారిని గురించి చెప్పే మాట వేరు. "ఇప్పుడు ఫర్వాలేదు, తన పని తాను చేసుకుంటున్నాడు" అంటారు. స్వావలంబన అనే సంస్కృతపదం తెలియని వారు కూడా ఆ భావాన్ని 'చేసుకొను' అనే ఆత్మార్థక క్రియతో స్పష్టంగా చెబుతున్నారు.

'పడిపోయింది' అన్న స్థితి నుంచి 'చేసుకుంటున్నాడు' అన్న స్థితికి మనిషిని చేర్చేది ప్రధానంగా అతడు స్వయంగా, పదేపదే చేసే సాధన. తైలం, పథ్యం, కాలం గడవడం ఆ పని చేయలేవు. అయితే మన ఇళ్ళలో పక్షవాతం వచ్చిన తొలినెలల్లో వినిపించే క్రియలన్నీ ప్రేరణార్థకాలు: తినిపించారు, స్నానం చేయించారు, కూర్చోబెట్టారు, నూనె రాయించారు, మందు పోయించారు. ఈ సేవలో ప్రేమ ఉంది, అవసరం కూడా ఉంది. కానీ రోగి చేసే పని తగ్గి, రోగికి చేసే పని పెరిగిన కొద్దీ కోలుకొనే అవకాశం సన్నగిల్లుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా నిరూపించదలచిన అంశమిదే.

సమస్య చిన్నది కాదు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణకారణాలను పరిశీలించి, 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల వ్యాధుల వల్ల సంభవించినట్లు తేలింది. వాటిలో పక్షవాతం వాటా పెద్దది. పక్షవాతం పట్నపు జబ్బు అనే భావనను ఆ గణాంకాలు తోసిపుచ్చాయి. మరణించినవారి లెక్క అది. బతికి, ఒక పక్క చచ్చుబడి, ఇంటి వసారాలో మంచం మీద ఉండిపోయినవారిని లెక్కించే పట్టిక వేరే కావాలి.

2. పేరులో ఇమిడిన వైద్యం:

పక్షమంటే పార్శ్వం. శరీరంలో ఒక పార్శ్వాన్ని వాతం చెరచడం పక్షవాతం. చరకసంహిత దీనిని పక్షవధ అనీ, సుశ్రుతసంహిత పక్షాఘాతం అనీ వ్యవహరించి, రెండూ వాతవ్యాధులలోనే చేర్చాయి. ముఖం వంకరపోవడాన్ని అర్దితం అన్నారు. జనవ్యవహారంలో పక్షవాతం 'పచ్చవాతం' అయింది, కొందరి నోట 'పక్షపాతం' కూడా అయింది. ఒక పక్కను మాత్రమే వదిలేసే జబ్బు కాబట్టి ఆ పొరపాటులోనూ కొంత అర్థం లేకపోలేదు.

శాస్త్రగ్రంథాల్లోని వాతం ఒక సిద్ధాంతభావన. పల్లెలో వాతమంటే గాలి, చలువ. అందువల్ల "గాలి సోకింది" అంటారు. చన్నీళ్ళు పోసుకోవడమో, ఆరుబయట పడుకోవడమో కారణమని వెదుకుతారు. వంకాయ, దుంపకూరలు మానిపిస్తారు. పావురం మాంసమో నెత్తురో మేలు చేస్తుందని ఎక్కడినుంచో తెప్పిస్తారు. దూరపు ఊళ్ళకు కారు కట్టించుకొని పోయి పసరు తాగిస్తారు. ఆ మందుతోపాటు "మండలంరోజులు కదలకుండా ఉండాలి" అనే నియమం కూడా ఇంటికి వస్తే అక్కడే అసలు నష్టం మొదలవుతుంది.

వాస్తవంగా జరిగేది మెదడులో. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం గడ్డతో పూడుకుపోవడం వల్లనో, నాళం చిట్లి రక్తం కారడం వల్లనో అక్కడి కణాలు చనిపోతాయి. మొదటి రకమే ఎక్కువ. మెదడు కుడిభాగం దెబ్బతింటే ఎడమ పక్క, ఎడమభాగం దెబ్బతింటే కుడి పక్క బలం కోల్పోతుంది. భాషకు సంబంధించిన కేంద్రాలు ఎక్కువమందిలో ఎడమభాగంలో ఉండటం వల్ల కుడిచెయ్యి పడిపోయినవారిలో చాలామందికి నోరు కూడా పడిపోతుంది. చెయ్యిలో కండరం చావలేదు, ఎముక విరగలేదు, నరం తెగలేదు. చేతికి ఆజ్ఞ పంపే చోటు దెబ్బతిన్నది. ఈ ఒక్క వాక్యం ఇంటివారికి అర్థమైతే నూనె మర్దన ఎంతవరకు పనికివస్తుందో వారికే తెలుస్తుంది. మర్దన వల్ల చర్మానికి, మనసుకు సుఖం కలుగుతుంది, బిగుసుకున్న కీలు కొంత వదులవుతుంది. మెదడుకు మాత్రం అది కొత్తగా ఏ పనీ నేర్పదు.

గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటలలోపు ఇవ్వగలిగితే మెదడులో కొంతభాగాన్ని కాపాడవచ్చు. కనుక మూతి వంకరపోవడం, చెయ్యి వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపించిన వెంటనే స్కానింగ్ సౌకర్యమున్న ఆసుపత్రికే చేరాలి. ఈ వ్యాసపరిధి ఆ తర్వాతి కాలానిది.

3. మెదడు తిరిగి నేర్చుకొనే తీరు:

చనిపోయిన కణాలు తిరిగి బతకవు. కానీ వాటి చుట్టూ ఉన్న కణాలు, ఎదుటి అర్ధభాగంలోని మార్గాలు కొత్త సంబంధాలు ఏర్పరచుకొని పాతపనిని కొంతవరకు అందుకోగలవు. ఈ విషయాన్ని స్పష్టపరచిన ప్రయోగాల్లో రాండాల్ఫ్ నూడో బృందం 1996లో ప్రకటించినది ప్రసిద్ధం. కోతుల మెదడులో చేతికి సంబంధించిన భాగాన్ని కొద్దిగా దెబ్బతీసి, చిన్నచిన్న గుంటల్లోంచి ఆహారపు గుళికలను వేళ్ళతో తీయడం వాటికి నేర్పారు. అలా సాధన చేసిన కోతుల్లో, దెబ్బతినకుండా మిగిలిన చేతిభాగం కుంచించుకుపోకుండా నిలిచింది. కొన్నింటిలో పక్కభాగంలోకి విస్తరించింది కూడా. సాధన లేని కోతుల్లో ఆ మిగిలిన భాగం కూడా తగ్గిపోయింది. అంటే ఊరికే ఉండటం వల్ల ఉన్నదీ పోతుంది.

ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రజ్ఞుడు మరొక సంగతి గమనించాడు. తొలిరోజుల్లో చెయ్యి ఆడక విఫలమైన ప్రాణి, తర్వాత కొంత శక్తి వచ్చినా ఆ చేతిని వాడటం మానేస్తుంది. చెయ్యి రాదని నేర్చుకుంటుంది. దీనిని 'నేర్చుకున్న వాడకలేమి' అనవచ్చు. మన ఇళ్ళలో ఇది కళ్ళముందు కనిపించేదే. ఎడమచెయ్యి కొద్దిగా లేస్తున్నా ఒళ్ళో పెట్టుకొని, అన్నిటికీ కుడిచేతినే చాపేవారు ఎందరో. బాగున్న చేతికి మేజోడు వంటి తొడుగు తొడిగి, బలహీనమైన చేతితోనే పనులు చేయించే పద్ధతి దీనినుంచే పుట్టింది. 222 మందిపై అమెరికాలో జరిపి 2006లో ప్రచురించిన పరీక్షలో రెండు వారాల ఈ సాధన వల్ల కలిగిన మేలు ఏడాది తర్వాత కూడా నిలిచింది. మణికట్టును, వేళ్ళను స్వల్పంగానైనా పైకెత్తగలవారికే ఈ పద్ధతి తగినది. నడిచేటప్పుడు, స్నానాలగదిలో ఉన్నప్పుడు బాగున్న చేతిని బంధించకూడదు. పడితే ఆదుకోవలసింది ఆ చెయ్యే.

ఎంత సాధన కావాలన్నది తరువాతి ప్రశ్న. జంతువులపై జరిగిన ప్రయోగాల్లో చెయ్యి రోజుకు కొన్ని వందలసార్లు పని చేసింది. అమెరికా, కెనడా చికిత్సాకేంద్రాల్లో మనుషులకు చేయిస్తున్న సాధనను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఒక్కో విడతలో చేతితో చేసే ప్రయోజనకరమైన పునరావృత్తులు సగటున 32 మాత్రమే. కోతికి వందలు, మనిషికి ముప్పై! ఇరవైసార్లు చెయ్యి లేపించి "ఈరోజుకు వ్యాయామం అయింది" అనుకోవడం ఎంతటి అపోహో ఈ అంకె చెబుతుంది. 96 పరీక్షలను సమీక్షించిన 2014 నాటి కాక్రేన్ నివేదిక శారీరక పునరావాసం మేలు చేస్తుందని తేల్చింది. రోజుకు 30 నుంచి 60 నిమిషాల చొప్పున, వారంలో 5 నుంచి 7 రోజులు చేసినప్పుడు ప్రయోజనం కనిపిస్తున్నదని పేర్కొన్నది. ఏదో ఒక చికిత్సాసంప్రదాయం మిగిలినవాటికన్నా గొప్పదని మాత్రం అది చెప్పలేదు.

కాలం సంగతి ఇంతకన్నా ముఖ్యం. 72 మంది పాల్గొన్న ఒక పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. వారిలో కొందరికి మొదటి నెలలోపు, కొందరికి రెండు మూడు నెలల మధ్య, కొందరికి ఆరునెలలు దాటాక అదనంగా 20 గంటల చేతిసాధన ఇచ్చారు. రెండు మూడు నెలల మధ్య సాధన చేసినవారికి అత్యధిక మేలు కలిగింది. ఆరునెలలు దాటినవారికి చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. చిన్న పరీక్షే కాబట్టి దీనిని శిలాశాసనంగా తీసుకోనక్కరలేదు. ఏళ్ళ తర్వాత సాధన ప్రారంభించి కొంత బాగుపడినవారూ ఉన్నారు. కానీ పల్లెల్లో మందూ మండలమూ పూర్తయి, ఫలితం కోసం మరికొన్నాళ్ళు చూసి, "ఇక ఫిజియోథెరపీకి తీసుకుపోదాం" అనుకొనేసరికి గడిచిపోయేది సరిగ్గా ఈ కాలమే. పసరువల్ల కలిగే నష్టం అందులోని ఆకులో ఉన్నా లేకున్నా, ఆ నలభై రోజుల నిశ్చలతలో తప్పకుండా ఉంది.

తొందరపాటు కూడా తగదు. 2015లో ప్రచురించిన పరీక్షలో, ఐదు దేశాలకు చెందిన 2104 మందిలో సగం మందిని 24 గంటలలోపే మంచం దింపి ఎక్కువసేపు, ఎక్కువసార్లు కదిలించారు. మామూలు సంరక్షణ పొందినవారికన్నా వారి ఫలితం కొంచెం తక్కువగా వచ్చింది. మొదటి రోజు గడిచి, రక్తపోటు, స్పృహ నిలకడగా ఉన్నాయని వైద్యుడు చెప్పాక కొద్దికొద్ది సేపు, తరచుగా మొదలుపెట్టడం మంచిది.

4. మంచం నుంచి గడప దాకా:

'వ్యాయామం' అనే మాట పెద్దవాళ్ళకు దండీలను, బస్కీలను గుర్తుచేస్తుంది. "ఈ వయసులో నాకు కసరత్తేంటి?" అని వారు నొచ్చుకుంటారు. సంగీతంలో, చదువులో వాడే 'సాధన' అన్న మాట ఇక్కడ చక్కగా అతుకుతుంది. చేయి తిరిగిన వంటమనిషి అంటాం. పదివేలసార్లు తిప్పగా తిరిగిన చెయ్యి అది. పడిపోయిన చేతిది కూడా అదే దారి.

మొదటి పాఠం పడుకోవడంలోనే ఉంది. కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు మార్చకపోతే పుండ్లు పడతాయి. బలహీనమైన చేతి కింద దిండు పెట్టి భుజానికి ఆధారం ఇవ్వాలి. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి గుంజడం మన ఇళ్ళలో సర్వసాధారణంగా జరిగే హాని. కండరాల పట్టు సడలిన భుజం గూటినుంచి జారుతుంది, నెలలకొద్దీ నొప్పి పెడుతుంది. ఆ నొప్పి భయంతో చెయ్యి కదపడమే మానేస్తారు. నడుముకు చుట్టిన తువ్వాలునో పంచెనో పట్టుకొని లేపాలి. మింగడం సరిగా ఉన్నదో లేదో ఆసుపత్రిలో చూసి చెప్పకముందే నీళ్ళు, గంజి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. తాగించడం దయ అనుకొనే ఇంటివారు తప్పక తెలుసుకోవలసిన విషయమిది.

కూర్చోవడం వచ్చాక కూర్చొని లేవడమే అన్నిటికన్నా విలువైన సాధన. తొడబలం, తూకం, ధైర్యం మూడూ ఇందులో ఉన్నాయి. నులకమంచం దీనికి శత్రువు. మధ్యలో గుంటపడి నడుము కిందికి దిగిపోతుంది, ముందుకు వంగి లేవడానికి ఆధారం దొరకదు. గట్టి బల్లో, చేతులున్న కుర్చీయో కావాలి. కింద ఇటుకలు కదలకుండా పేర్చి ఎత్తు పెంచితే లేవడం సులువు, బలం వచ్చినకొద్దీ ఒక్కో వరుస తీసివేయవచ్చు. బలహీనమైన పాదాన్ని కొంచెం వెనక్కి జరిపి, ముక్కు మోకాళ్ళను దాటేలా ముందుకు వంగి, రెండు కాళ్ళపైనా బరువు పెట్టి లేవాలి. పదేసి చొప్పున రోజులో అనేక విడతలుగా చేయాలి. పక్కన ఒకరు నిలబడాలి, అయితే లాగకూడదు.

నడకకు చదునైన సిమెంటు దారి మొదటిది. పాదం ముందుభాగం లేవక నేలను గీసుకుంటూ నడిచేవారికి మడమను, పాదాన్ని పట్టి ఉంచే పట్టీ ఉపయోగపడుతుంది. ఆ తరువాత బండ్లదారి, ఆ తరువాతే చేలగట్టు. ఈ ప్రాంతపు నల్లరేగడి ఎండితే బీటలు వారి పాదం మడతపెడుతుంది, తడిస్తే చెప్పుకు కిలోల బరువై అంటుకుంటుంది. ఆరోగ్యవంతుడికే కష్టమైన ఆ నేల మీదికి తొందరపడి పోకూడదు. అయితే "చేను ఒకసారి చూసి రావాలి" అన్న కోరికను కొట్టిపారేయడమూ తగదు. గమ్యంగా పెట్టుకోవలసింది అదే. వారం వారం కరెంటుస్తంభాలను లెక్కపెట్టుకుంటూ దూరం పెంచుకొనే రైతుకు, గోడ పట్టుకొని నడవమంటే విసుగు పుట్టే రైతుకు మధ్య ఉన్న తేడా ఆ గమ్యమే.

ఛాతీలో నొప్పి, కొత్తగా తలతిరుగుడు, విపరీతమైన ఆయాసం, కొత్తగా మాట తడబడటం కనిపిస్తే సాధన ఆపి వైద్యుని సంప్రదించాలి. రక్తపోటు, చక్కెర మాత్రలు మానేసి చేసే సాధనకు అర్థం లేదు. "బాగైంది కదా" అని మాత్రలు ఆపిన ఇంటికి రెండో పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుంది. ఊరగాయల సీమలో ఉప్పు తగ్గించమనడం కష్టమైన మాటే కానీ చెప్పక తప్పదు.

5. పత్తి, మిరప: చేతి సాధనకు సొంత పాఠాలు:

చేతికి రబ్బరుబంతి ఇచ్చి నొక్కమనడం చాలా ఇళ్ళలో చూస్తాం. నిజానికి పక్షవాతం వచ్చిన చేతిలో ఎక్కువమందికి కష్టమైనది పిడికిలి ముడవడం కాదు, తెరవడం. వేళ్ళు లోపలికి బిగుసుకుపోతున్నవారు బంతిని నొక్కుతూ కూర్చుంటే కష్టమైన పనికి సాధన దొరకదు. పట్టుకొని వదలడం, వదలడానికి వేళ్ళు చాచడం నేర్వాలి.

ఈ సీమలో ఆడవాళ్ళ చేతులకు ఇదంతా తెలిసిన విద్య. పత్తి తీసేటప్పుడు వేళ్ళు విచ్చుకొని, పగిలిన కాయలోకి దిగి, దూదిని గుల్లనుంచి లాగి, ఒడిలో వదిలిపెడతాయి. మిరపకోతలో ఒక చెయ్యి కొమ్మను ఆపుతుంది, రెండో చెయ్యి కాయను తొడిమతో సహా పైకి విరుస్తుంది. గుంటూరు చుట్టూ శీతల గిడ్డంగుల దగ్గర ఎండుమిర్చికి తొడిమలు తీసే స్త్రీల బొటనవేలు, చూపుడువేలు గంటల తరబడి ఆగవు. కిలో కాయల్లో వందల చిటికెలు ఉన్నాయి. చికిత్సాకేంద్రంలో దొరికిన ఆ 32 పునరావృత్తుల పక్కన ఈ వందలను పెట్టి చూస్తే పాఠం ఎక్కడున్నదో తెలుస్తుంది. చేతికి పరిచయమైన, ప్రయోజనమున్న పనిని సాధనగా చేయడం మేలని నేటి పునరావాసశాస్త్రం కూడా అంటున్నది. పైన చెప్పిన 2021 నాటి పరీక్షలో పాల్గొన్నవారే తమకిష్టమైన పనులను ఎంచుకున్నారన్నది గమనార్హం.

ఇక్కడొక హెచ్చరిక తప్పనిసరి. పక్షవాతం వచ్చిన చేతికి స్పర్శ కూడా తగ్గి ఉండవచ్చు. ఆ చేతితో మిరపకాయలు ముట్టి, తెలియక కన్ను నులుముకుంటే అయ్యే బాధ వర్ణించనక్కరలేదు. మందు కొట్టిన పత్తిచేను కూడా తగదు. పనిలోని కదలికను తీసుకోవాలి గాని దాని ప్రమాదాన్ని కాదు. ఇంట్లో చాటలో పోసిన చింతపిక్కలు ఒక్కొక్కటే తీసి గిన్నెలో వేయడం, వేరుశనక్కాయలు వలవడం, శుభ్రమైన పత్తికాయలనుంచి దూది తీయడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం చాలు. పెద్దవస్తువుతో మొదలుపెట్టి చిన్నదానికి పోవాలి. కోడలు అన్నీ అందిస్తూ పోకుండా "మామయ్యా, ఆ చెంబు ఎడమచేత్తో మీరే అందుకోండి, నేనిక్కడే ఉన్నా" అంటే అది చికిత్సే. చెంబు జారి నీళ్ళు ఒలికితే ఒలకనివ్వాలి.

మన సమాజంలో చేతులకు ధర్మాలు విడివిడిగా ఉన్నాయి. కుడిచెయ్యి అన్నానికి, ఎడమచెయ్యి శౌచానికి. పాశ్చాత్యగ్రంథాలు బలహీనమైన చేతిని గురించి మాట్లాడతాయి కానీ ఈ విభజనను ఎరగవు. కుడిపక్క పడిపోయిన మనిషి ఎడమచేత్తో నలుగురిలో అన్నం తినలేక భార్యచేత తినిపించుకుంటాడు. చెంచా ఇస్తే చిన్నపిల్లవాడినా అని కోపగిస్తాడు. పెళ్ళిభోజనానికి పోవడం మానేస్తాడు. ఎడమపక్క పడిపోయినవారి ఇబ్బంది ఇంకా గుప్తమైనది: శౌచానికి తినే చేతినే వాడాలి, లేదా మరొకరిని అడగాలి. పెద్దవయసు తల్లి కొడుకును అడగలేదు, మామగారు కోడలిని అడగలేడు. ఈ సిగ్గువల్ల నీళ్ళు తాగడం, అన్నం తినడం తగ్గించుకొనేవారున్నారు. ఏ చెయ్యి పడిపోయిందన్నది ఇక్కడ కేవలం బలానికి సంబంధించిన ప్రశ్న కాదు. కుడిచెయ్యి పడిపోయినవారికి ముద్ద కలిపి నోటికందించే సాధన, ఎడమచెయ్యి పడిపోయినవారికి చెంబు పట్టి నీళ్ళు వంచే సాధన మొదటి వరుసలో ఉండాలని నా అభిప్రాయం. గౌరవం తిరిగివస్తే మిగిలిన సాధనకు మనసు దానంతటదే ఒప్పుకుంటుంది.

మనసు మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న వివరణ. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మంది దిగులువ్యాధికి లోనవుతారు. ఊరికే ఏడవడం, అకారణంగా నవ్వడం కూడా మెదడుదెబ్బ వల్ల జరగవచ్చు. "మొండికేస్తున్నాడు, చెప్పిన మాట వినడు" అని ఇంటివారు విసుక్కొనే సందర్భాల్లో కొన్ని వైద్యంతో బాగుపడేవే.

6. ఇంటివారే చాలునా?

ఊళ్ళో ఫిజియోథెరపిస్టు లేడు. గుంటూరుకో ఒంగోలుకో రోజూ పోవాలంటే ఆటోకిరాయి, ఒకరి కూలి రెండూ పోతాయి. మిరపకోతల రోజుల్లో, అంటే సంక్రాంతి తర్వాత, ఇంట్లో మనిషి మిగలడం కష్టం. అలాంటప్పుడు ఇంటివారికే నేర్పి చేయిస్తే సరిపోదా అన్న ఆలోచన సహజం. దానినే మన దేశంలో 14 ఆసుపత్రుల్లో 1250 మందిపై పరీక్షించారు. వాటిలో గుంటూరు ఆసుపత్రి కూడా ఒకటి ఉంది. 2014 నుంచి 2016 వరకు రోగులను చేర్చుకొని, ఫలితాలను 2017లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఒక వర్గానికి మామూలు చికిత్సతోపాటు, కుటుంబసభ్యునికి ఆసుపత్రిలోనే శిక్షణ ఇచ్చి ఇంటి వద్ద రెండు నెలలపాటు కొనసాగింపజేశారు. ఆరునెలల తర్వాత చూస్తే మరణించినవారు, పరాధీనులైనవారు కలిపి ఈ వర్గంలో 47 శాతం, మామూలు చికిత్స పొందిన వర్గంలోనూ 47 శాతమే.

ఈ ఫలితం చాలామందిని నిరాశపరచింది. వ్యాయామం వృథా అని దీనికి అర్థం కాదు. రెండో వర్గానికీ ఆసుపత్రిలో కొంత ఫిజియోథెరపీ అందింది. శిక్షణ పొందిన చికిత్సకుని పనిని కుటుంబం మీదికి నెట్టినంతమాత్రాన అదనపు ప్రయోజనం రాదని మాత్రమే ఈ పరీక్ష చెబుతున్నది. నా దృష్టిలో అది న్యాయమైన మాట కూడా. ఆ కుటుంబసభ్యుడు ఆచరణలో ఎవరు? చాలా ఇళ్ళలో భార్య, కోడలు, కూతురు. కూలికి పోయి, వంట చేసి, పశువుల పని చూసుకొనే ఆమెకే చికిత్సకుని బాధ్యత కూడా అప్పగించి, రోగి కోలుకోకపోతే "సరిగా చేయించలేదు" అనడం అన్యాయం. ఆమెకే పక్షవాతం వచ్చినప్పుడు ఆమెతో సాధన చేయించేవారు దొరకడం మరీ అరుదు. పొయ్యి దగ్గరికి మాత్రం త్వరగానే పంపుతారు.

ఇంటివారు చేయగలిగింది ఒకటుంది. అది చికిత్సకుని పని కాదు. రోగికి పని మిగల్చడం. చొక్కా తొడిగేటప్పుడు బలహీనమైన చేతిని ముందు దూర్చుకోమని చెప్పి, రెండు నిమిషాలయ్యే పనికి పది నిమిషాలు ఓపిక పట్టడం. ఏ సాధన ఎంత, ఎప్పుడు పెంచాలి, ఎక్కడ తప్పు జరుగుతున్నది అన్న నిర్ణయం మాత్రం తెలిసినవారిదే కావాలి. వారానికి ఒకసారైనా చికిత్సకుడు చూసేలా మండలస్థాయి ఆసుపత్రుల్లో ఏర్పాటుండటం ఈ ప్రాంతపు న్యాయమైన అవసరం.

7. కొలత:

కోలుకోవడాన్ని కొలవడానికి ప్రపంచమంతటా వాడే పట్టికల్లో 1965లో ప్రచురితమైన బార్తెల్ సూచిక ఒకటి. తినడం, స్నానం, తల దువ్వుకోవడం వంటి అలంకరణ, బట్టలు తొడుక్కోవడం, మలం, మూత్రం పట్టు, మరుగుదొడ్డి వాడకం, మంచం నుంచి కుర్చీకి మారడం, నడక, మెట్లెక్కడం అనే పది అంశాలకు కలిపి నూరు మార్కులు. పల్లెవాళ్ళు ఒక్క వాక్యంలో అడిగే "తన పని తాను చేసుకుంటున్నాడా?" అన్న ప్రశ్ననే ఈ పట్టిక పది ముక్కలు చేసి అడిగింది.

అయితే ఆ పదింటిలో మన ఇళ్ళకు అవసరమైనవి కొన్ని లేవు. చాపమీద కూర్చొని లేవడం లేదు. గొంతుకూర్చోవడం లేదు. పొలాల దగ్గర ఇప్పటికీ అది లేకుండా గడవదు. ఇంట్లో కుండీ మరుగుదొడ్డి ఉన్నా గొంతుకూర్చొని లేవలేనివారికి పైన పెట్టే కుర్చీపీట, పక్కగోడకు గట్టి కడ్డీ కావాలి. ఈ రెంటికీ అయ్యే ఖర్చు పసరు కోసం పోయిన కారుకిరాయికి మించదు. పంచె కట్టుకోవడానికి, చీరకుచ్చిళ్ళు పెట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. చొక్కా గుండీలు పెట్టుకొనే చెయ్యి ఈ పని చేస్తుందన్న హామీ లేదు. ఎత్తు గడపలున్న ఇళ్ళలో మెట్లకన్నా ముందు గడప దాటడం నేర్వాలి.

కనుక ఈ ప్రాంతంలో పనిచేసే ఫిజియోథెరపిస్టు మొదటి రోజు కండరబలం చూసిన తర్వాత అడగవలసిన ప్రశ్నలు మరికొన్ని ఉన్నాయి. ఏ చేత్తో తింటారు? నేలమీద కూర్చొని తింటారా, బల్లమీదా? మరుగుదొడ్డి ఎలాంటిది, ఇంటికి ఎంత దూరం? పడుకొనేది నులకమంచం మీదా? చేను సొంతమా, కౌలా, కూలిపనా? పక్కనుండేది ఎవరు, వారు ఎన్నింటికి పనికి పోయి ఎన్నింటికి వస్తారు? మొట్టమొదట ఏ పని మీ అంతట మీరు చేసుకోవాలని ఉంది? చివరి ప్రశ్న ఇంటివారిని కాక రోగినే అడగాలి, నోరు పడిపోయినవారైతే సైగతో జవాబు చెప్పేదాకా ఆగాలి.